అమ్మదగిన పువ్వు, అమ్మకూడని దుంప

భద్రాచలం మీదుగా పోచవరం చేరి పాపికొండల పడవెక్కే యాత్రికులకు అడవి తిండి అనగానే గుర్తొచ్చేది బొంగు చికెన్. మారేడుమిల్లి దారిలో పేరు తెచ్చుకున్న ఆ వంట రుచికి వంక పెట్టలేం. కానీ చాలాచోట్ల అందులో అడవిది వెదురు గొట్టం మాత్రమే. కోడి ఫారంది, మసాలా బజారుది. ఆ చుట్టుపక్కల కోయ, కొండరెడ్డి గూడేల్లో తొలకరి ఆకుకూరలు, పుట్టగొడుగులు, ఆగాకర, వేసవిలో తునికి, మొర్రి పండ్లు ఇంటి తిండిగానే ఉండిపోయాయి. వాటికి పర్యాటకుల విస్తట్లో చోటు దొరకాలి. అయితే అన్నిటికీ కాదు. ఏది వడ్డించాలో, ఏది వద్దో తేల్చే మాట గూడేనిదే కావాలి.

ఇప్పపువ్వునే తీసుకుందాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద ముందే ఊడ్చి పెట్టుకుని, ఎండ ముదరకముందే బుట్టల్లోకి ఏరుకుంటారు. రాలేది తీపి రసం నిండిన రేకులే. పిందె కొమ్మనే ఉండి కాయవుతుంది, ఆ గింజల నుంచి నూనె కూడా తీస్తారు. రాలినదంతా ఏరుకున్నా చెట్టుకు లోటు లేదు. ఇన్నేళ్లూ సారా సరుకుగానే చూసిన ఈ పువ్వు ఇప్పుడు లడ్డూగా బజారుకొస్తోంది. ఎంతో మంచి మార్పు ఇది.

దుంపల సంగతి అలా కాదు. చేదుదుంపను తవ్వి తేగానే వండుకోలేరు. పలచగా తరిగి, ఉడికించి, బుట్టకెత్తి, పారే వాగులో విషం కడుక్కుపోయేదాకా ఉంచాలి. తొందరపడితే వాంతులు, మత్తు, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. ఈ నేర్పు గూడెం ఆడవాళ్లది. రిసార్టు వంటవాడికి రెండు రోజుల శిక్షణతో అబ్బేది కాదు. పైగా అది కరువు తిండి. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్లపై వెలువరించిన గ్రంథంలోనూ గింజలు నిండుకున్న నెలల్లో వాళ్లను ఆదుకునేవి జీలుగు చెట్టు గుజ్జు, అడవి దుంపలే. జీలుగు గుజ్జు కావాలంటే చెట్టునే కూల్చాలి. వెదురు కొమ్ము ఒకటి కోస్తే ఒక బొంగు తగ్గినట్టే. ఇంటి అవసరానికి తీసుకున్నంత కాలం అడవి తట్టుకుంటుంది, హోటల్ గిరాకీకి తట్టుకోలేదు.

ఇది ఉత్త భయం కాదు. కెనడాలోని క్యుబెక్‌లో అడవి ఉల్లి జాతి మొక్క ఒకటి హోటళ్ల మోజుకు బలై అంతరించే దశకు చేరింది. 1995లో అక్కడి ప్రభుత్వం దాని అమ్మకాన్నే నిషేధించి, సొంతానికి మనిషికి ఏడాదికి 50 గడ్డలకు మించి తవ్వకూడదని కట్టడి పెట్టింది. మన కోయగూడేల్లో ఇలాంటి కట్టడి ఎప్పటి నుంచో ఉంది. కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టేదాకా కొత్త మామిడికాయను ముట్టరు. కాయ ముదిరేదాకా చెట్టుకు గడువు దొరుకుతుంది.

గూడెం మాటకు చట్టబలమూ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై అడవిని నమ్ముకుని బతికేవారికి యాజమాన్య హక్కు ఇచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం వ్యాపారానికి సేకరించేవారి నుంచి స్థానిక జీవవైవిధ్య కమిటీ రుసుము వసూలు చేయవచ్చు. పర్యాటక ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చేటప్పుడే ఈ చట్టాల ఆధారంగా షరతులు రాయాలి. గ్రామసభ ఒప్పుకున్న జాబితాలోని మొక్కలే వంటకు వాడాలి, వంటశాలను మహిళా సంఘానికే అప్పగించాలి, సేకరణ రుసుము గూడేనికే చేరాలి.

ఇంతకంటే పెద్ద చిక్కు నేల దగ్గరుంది. సారపాక కాగితపు మిల్లు చుట్టూ జామాయిల్, అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ పరుచుకున్నాయి. పత్తి, మిరప చేలల్లో కలుపు మందు కొడితే గట్ల మీద తనంతట తాను మొలిచే ఆకుకూర ముందే మాడిపోతుంది. పేదింటికి పైసా ఖర్చు లేని కూర అది. కిన్నెరసాని జలాశయం దగ్గర పర్యాటకులకు అద్దాల మేడ కట్టడం ఎంత ముఖ్యమైనా, దాని చుట్టూ ఉన్న ఊళ్లలో కలుపు మందు పడని గట్లు మిగలడం అంతకంటే ముఖ్యం.

మహారాష్ట్రలో ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం వేళ రాన్‌భాజీ (అడవి కూరల) మహోత్సవాలు జరుగుతాయి. సేకరించిన ఆడవాళ్లే ఆకుల్ని గుర్తుపట్టి చూపించి, వండి పెట్టి, అమ్ముకుంటారు. మనకూ ఆ రోజుల్లోనే అడవి అంచున ఆకుకూరలు, ఆగాకర దొరుకుతాయి. భద్రాచలం ఐటీడీఏ ఈ వానాకాలమే వాటితో మొదలుపెట్టవచ్చు, దుంపల జోలికి పోకుండా.