కుక్కకు లిఫ్టు లేదంటే ఎట్లా?

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాము, ఓపికగా చదవండి. మా చదువు తమిళ మీడియం, తెలుగు రాత ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నది. అక్కడక్కడ అరవ వాసన వస్తే సర్దుకోండి.

రైల్వేలో కుక్కకు టికెట్ ఉంది. ఈ మాట చెప్తే మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది నమ్మలేదు. పార్సిల్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేసి రిటైర్ అయినవాళ్ళం, మా చేతులతోనే ఆ టికెట్లు రాసినాము. గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్ అని ఒక అర ఉంటుంది. ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం మనదైతే కుక్కను మనతోనే పెట్టుకోవచ్చు. తిండి, నీళ్ళు యజమాని చూసుకోవాల. బుక్ చేయకుండా తెచ్చి పట్టుబడితే ఆరు రెట్లు కట్టాల. అంటే రైల్వే కుక్కను రావద్దనలేదు, ఎట్లా రావాలో రాసి పెట్టింది.

ఇక మా అపార్ట్‌మెంట్ నోటీసు చూడండి. కుక్కలు ప్యాసింజర్ లిఫ్టు ఎక్కకూడదంట. చెత్త డబ్బాలు, సిమెంటు మూటలు పోయే సర్వీస్ లిఫ్టులోనే రావాలంట. మూతికి చిక్కం కట్టాలంట. తప్పితే వెయ్యి రూపాయల జరిమానా. కమిటీలో మెజారిటీ ఒప్పుకున్నారంట. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ నుండి బెళ్ళందూరు దాకా ఇట్లాంటి నోటీసులు మన సభ్యులు ఎంతమంది చూసినారో మాకు తెలుసు.

మెజారిటీతో అన్నీ అయిపోవు స్వామీ. 1960లో జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. దానికోసం రాజ్యసభలో పట్టుబట్టిన ఆమె రుక్మిణీదేవి అరుండేల్, కళాక్షేత్ర పెట్టిన ఆమే. ఆ చట్టం కింద వచ్చిన జంతు సంక్షేమ బోర్డు 2015లో అపార్ట్‌మెంట్ సంఘాలకు స్పష్టంగా రాసింది: మెజారిటీ ఉన్నా పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘానికి లేదు, లిఫ్టు ఆపకూడదు, చిక్కం కట్టి తీరాలనకూడదు, మొరుగుతుందనేది కారణం కాదు. 2021లో కేరళ హైకోర్టు కూడా ఇట్లాంటి బైలాలు చెల్లవని చెప్పింది. మన ఊళ్ళోనే 2018లో బీబీఎంపీ ఫ్లాటుకు ఒకటే కుక్క అని నియమం తెచ్చి, గొడవ లేచినాక ఆపుకుంది. బీబీఎంపీకే కానిది మా కమిటీకి అవుతుందా?

ఇంతవరకు చదివి కుక్కలున్నవాళ్ళు చప్పట్లు కొడుతుంటారు. ఆపండి. మిగతాది మీకే.

ఈ నోటీసు పుట్టింది ఒక్క మాట వల్ల: "ఏమీ చేయదు ఆంటీ." లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది, లోపల ముప్పై కిలోల లాబ్రడార్ నాలుక వేలాడేసుకుని ముందుకు దూకుతుంది. బయట మోకాళ్ళు నొప్పితో నిలబడిన పెద్దామె గోడకు అంటుకుపోతుంది. యజమాని ఒక చెయ్యి ఫోన్‌లో పెట్టుకుని, నవ్వుతూ ఈ మాట అంటాడు. ఆమె చిన్నప్పుడు ఏ ఊళ్ళో ఏ కుక్క కరిచిందో, బొడ్డు చుట్టూ ఎన్ని సూదులు వేయించుకుందో నీకు తెలుసా నాయనా? ఆమెకు నీ కుక్క మంచితనం వినే అవసరం లేదు. నువ్వు దాన్ని వెనక మూలలో కూర్చోబెట్టాల, లేదంటే తర్వాతి లిఫ్టుకు ఆగాల.

కూర్చోబెట్టడం వస్తే కదా! మన బెంగళూరు ఇళ్ళల్లో ఉన్న చిక్కు చెప్తాము. నాయన "కూర్చో" అంటాడు, అవ్వ "ఉక్కారు" అంటుంది, పనిచేసే అమ్మాయి "కూతుకో" అంటుంది, పిల్లలు "సిట్" అంటారు. కుక్క నలుగురి మొహాలు చూసి పోయి పడుకుంటుంది. దానికి మొండితనం అంటగడతారు. ఇంట్లో అందరూ ఒక్క మాట పెట్టుకోండి, ఏ భాషైనా సరే. మా మణికి అరవమే. వీధిలో పుట్టిన పిల్ల, ఏ జాతో దానికే తెలియదు. చెప్పింది చేసిన ఆ క్షణమే ఒక శనగ గింజంత ముక్క నోట్లో పడాల. చెప్పులు విప్పి, బీరువా తెరిచి, వెతికి ఇస్తే అది ఎందుకిచ్చినారో దానికి అర్థం కాదు. మొదట ఇంటి గుమ్మం దగ్గర, తర్వాత వరండాలో, తర్వాత ఖాళీ లిఫ్టులో, చివరికి మనుషులున్న లిఫ్టులో. రోజుకు పది నిమిషాలు చాలు. కొట్టొద్దు. కొట్టిన చేతిని చూసి భయపడుతుందే గాని లిఫ్టు మర్యాద రాదు.

ఆ పది నిమిషాలు లేవనేవాళ్ళు కుక్కను ఎందుకు తెచ్చినారు? మంచులో బండి లాగే హస్కీని తెచ్చి పన్నెండో అంతస్తు బాల్కనీలో రోజంతా కట్టేస్తే అరవక ఏం చేస్తుంది? మన రాజపాళయం తెలుగు రాజుల కుక్క, మన కర్ణాటక ముధోళ కుక్క, రెండింటికీ 2005లో తపాలా బిళ్ళ వేసినారు. అవి కూడా పరుగెత్తే జాతులే, ఫ్లాటులో ముడుచుకుని బతకవు. మోజు తీరినాక వదిలేసిన జాతి కుక్కలకు కొత్త ఇల్లు వెతకలేక క్యూపా లాంటి సంస్థలు అల్లాడుతున్నాయి.

ఇంకొకటి. కబ్బన్ పార్కులో 2022లో కుక్కలను ఆపేయాలన్న మాట వచ్చింది. గొలుసు లేకుండా వదిలేస్తున్నారు, మలం తీయడం లేదు అన్న ఫిర్యాదులే దానికి కారణం. కుక్కలు పిటిషన్ వేయలేవు, మనం చేసిన దానికి అవి బయటికి పోతాయి.

మణితో తెల్లవారి ఐదున్నరకు దిగుతాము. పాత పేపరు జేబులో. పాలప్యాకెట్లాయన, పూలమ్మే ఆమె, ఎళనీరు బండాయన, అందరికీ మా పేరు తెలియదు, దాని పేరు తెలుసు. ఎళనీరాయన లేత కొబ్బరి గీకి ఇస్తాడు, అది కూర్చుంటేనే. పెన్షన్ వచ్చినాక ఈ ఊళ్ళో ఇంతమంది పలకరించడం మాకు దీనివల్లనే.

వచ్చే ఆదివారం జనరల్ బాడీలో నోటీసు తీసేయమని అడుగుతాము. దాని బదులు పొట్టి గొలుసు, రేబీస్ టీకా కార్డు కాపీ ఆఫీసులో, ఎవరైనా భయపడితే కుక్కే ఆగడం, మలం ఎత్తేయడం, వెనక గోడ పక్కన కొంచెం మట్టి నేల. కమిటీవారు ఆ వెయ్యి రూపాయలు ఏ సెక్షన్ కిందో రాసుకుని రండి. కుక్కలున్నవారు కుక్కతోనే రండి, గంట సేపు కాళ్ళ దగ్గర కూర్చోబెట్టి చూపించండి.