పిల్లాడు లేకుండా రివర్స్

నాంపల్లిలో షాదీలకు ట్రాలీ జనరేటర్లు కిరాయికి తిప్పే మా దోస్తు ఒకాయన మొన్న మష్వరా అడిగాడు. బండి మారుస్తాడట, ఏది కొనమంటావని. పన్నెండేళ్లు నేనూ చేసిన పనే కనుక జవాబుకు ముందు నేనే ఒక సవాల్ వేశాను. "ట్రాలీకి బండి తగిలించేటప్పుడు మధ్యలో ఎవరు నిలబడతారు మియా?"

"ఛోటూ ఉన్నాడు కదా" అన్నాడు బేఫికర్‌గా.

చిరాగ్ అలీ లేన్, ట్రూప్ బజార్‌లలో "ఆన్దేవ్... ఆన్దేవ్... బస్!" అనే ఆవాజ్ దినమంతా వినిపిస్తుంది. సౌదా దింపే బండికైతే పక్కన నిలబడి డబ్బా కొడితే సరిపోతుంది. ట్రాలీ అలా కాదు. హుక్కూ, ట్రాలీ కొనా కలిసినచోట పిన్ను వేయాలి. అంటే చెయ్యి రెండు ఇనుముల నడుమ ఉండాలి. క్లచ్ మీద కాలు అంత జారితే చాలు.

నాది జారింది. నుమాయిష్ మైదాన్ బయట, మగ్రిబ్ దాటాక. పిల్లాడి రెండు వేళ్లు నలిగిపోయాయి. వాడికప్పుడు 13 ఏళ్లు. ఇలాజ్ ఖర్చు పెట్టుకున్నాను, నిజమే. వాళ్ల అమ్మీ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఇంత బర్దాష్ చేయాల్సి వచ్చేది కాదేమో. 14 ఏళ్లలోపు వాళ్లను కొలువులో పెట్టుకోవడం 2016 సవరణ తర్వాత ఏ పనిలోనైనా జుర్మే. మన గల్లీల్లో ఆ కానూన్ ఎవరికి ఫిక్ర్?

ఇక బండి. 2005లో టాటా ఏస్ వచ్చాక ఇరుకు గల్లీలకు ఛోటా హాథీని మించింది లేదన్నారు, సామానుకు నేనూ అదే అంటాను. కానీ ఆ మొదటి బండి ఇంజన్ 702 సీసీ, రెండే సిలిండర్లు. టన్ను దాటిన జనరేటర్‌ను దానికి కట్టి నౌబత్ పహాడ్ ఎక్కించడం జుల్మ్. బొలెరో పికప్‌కు రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజన్ ఉంది, తాఖత్ సరిపోతుంది. అందరూ శౌఖ్‌గా పొడవు బాడీ తీసుకుంటారు. నేనైతే పొట్టిదే తీసుకోమంటాను. సీట్లోంచి తిరిగి చూస్తే వెనక ఏముందో అంతో ఇంతో కనపడాలి. కెమెరా పెట్టించుకో, దాని ఖర్చు ఒక నెల కిస్తులో సగం కూడా ఉండదు. హుక్కు వెల్డింగ్ చేయించే ముందు ఎంత బరువు లాగడానికి కంపెనీ ఇజాజత్ ఉందో కాగితం మీద చూసుకో.

ఒంటరిగా తగిలించడం నేను ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో, ఫజర్ అయ్యాక, పాత పుస్తకాలవాళ్లు ఫుట్‌పాత్ మీద పరచుకోకముందు నేర్చుకున్నాను. ట్రాలీ చక్రాలకు రాళ్లు పెట్టాలి. దాని ముక్కు మీద ఎర్రగుడ్డ కట్టిన కర్ర నిలబెట్టి, బండి వెనక అద్దం మధ్యలో ఎర్ర టేప్ అంటించాలి. సీట్లోంచి రెండూ ఒకే గీతలో కనపడేలా మెల్లగా రావాలి. దిగి చూడాలి, మళ్లీ ఎక్కాలి, పదిసార్లైనా షరం పడొద్దు. చివర అంగుళం తేడా వస్తే ఇంజన్‌తో సర్దకూడదు. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి, బండి చక్రాలకూ రాళ్లు పెట్టి, ట్రాలీని గడ్డపారతో జరపాలి. పిన్ను ఆ తర్వాతే, గొలుసు దాని వెంటే.

తగిలించాక రివర్స్ చేయాల్సి వస్తే స్టీరింగ్‌ను కింది వైపు పట్టుకో. చెయ్యి ఎటు పోతే ట్రాలీ తోక అటే పోతుంది. పొట్టి ట్రాలీ చటుక్కున మడుచుకుంటుంది కాబట్టి సబర్ కావాలి. ఇదంతా రెండు చక్రాల ట్రాలీ సంగతి. నాలుగు చక్రాలవాటి గొడవ నేను ఎత్తను, వాటిని వెనక్కి నడపడం ఉస్తాదులకే ముష్కిల్.

ఇంత చెప్పాక దోస్తు నవ్వాడు. "సేఠ్ దిగి రాళ్లు పెడుతుంటే జనం ఏమంటారు భాయ్?"

ఆ పిల్లాడు ఇప్పుడు జగదీష్ మార్కెట్‌లో ఫోన్లు రిపేరు చేస్తాడు. సన్న స్క్రూలు ఎడమ చేత్తో పడతాడు. ఒకసారి పోయి చూసి రా అన్నాను. శనివారం షోరూంకు పోతున్నానని చెప్పి లేచాడు. ఛోటూనూ తీసుకుపోతాడట, బండి రంగు వాడే చూస్తాడట.