మడమ మీద రక్తపు చుక్క, ఆ తర్వాత మోగే ఫోను

అమెరికాలో మన ఇంట కాన్పు అంటే ఎంత హడావిడో అందరికీ తెలుసు. ఇండియా నుంచి అమ్మో, అత్తగారో విజిటర్ వీసా మీద దిగుతారు. సూట్‌కేసు నిండా పాత చీరల మెత్తటి గుడ్డలు, శొంఠి, కారప్పొడులు, బిడ్డకు కాటుక డబ్బీ. ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే ఫోటోలు, బారసాల కబుర్లు మొదలవుతాయి. ఈ సందట్లో తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఎవరు ఎత్తుతారు? క్రెడిట్ కార్డు అమ్మేవాడేమో అనుకుని వదిలేస్తాం. ఈ వారం మేము చెప్పదలచుకున్నది ఆ ఫోను గురించే.

బిడ్డ పుట్టి 24 గంటలు దాటాక, మామూలుగా 48 గంటల లోపు, నర్సు వచ్చి మడమ మీద చిన్నగా గుచ్చి కొన్ని రక్తపు చుక్కలు ఒక అట్ట కాగితం మీద అద్దుకుని వెళ్తుంది. బిడ్డ కెవ్వుమంటుంది. "పసిగుడ్డుకి ఎందుకమ్మా ఈ హింస" అని అమ్మమ్మ కళ్లొత్తుకుంటుంది. ఆ అట్ట రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన లాబొరేటరీకి పోతుంది. పుట్టుకతో వచ్చి, పైకి ఏమాత్రం కనపడని పదుల కొద్దీ జబ్బులను అక్కడ వెతుకుతారు. జబ్బుల జాబితా రాష్ట్రానికీ రాష్ట్రానికీ కొంత మారుతుంది. టెక్సాస్‌లో అయితే 7 నుంచి 14 రోజుల మధ్య రెండోసారి కూడా రక్తం తీస్తారు. డాలస్, హ్యూస్టన్ పాఠకులు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ పద్ధతికి ఆద్యుడు న్యూయార్క్ రాష్ట్రం బఫలో నగరంలో పనిచేసిన డాక్టర్ రాబర్ట్ గత్రీ. ఆయన కొడుకు మానసిక వైకల్యంతో పుట్టాడు. మేనకోడలికి ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు ఉంది. ఆహారంలో ఒక పదార్థాన్ని శరీరం అరిగించుకోలేక మెదడు చెడే జబ్బు అది. ముందే కనిపెట్టి ఆహారం మారిస్తే బిడ్డ మామూలుగా పెరుగుతుంది. అందుకే ఒక్క రక్తపు చుక్కతో కనిపెట్టే పరీక్షను ఆయన తయారుచేశారు. 1963లో మసాచుసెట్స్ ఈ పరీక్షను చట్టం చేసింది. తర్వాత అన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి.

పరీక్షలో తేడా కనిపిస్తే కబురు మీరు ఆస్పత్రిలో రాయించిన పిల్లల డాక్టరుకు వెళ్తుంది. అక్కడి నుంచి మీకు ఫోను వస్తుంది. మన చిక్కంతా ఇక్కడే ఉంది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు ప్రాజెక్టు మారితే ఊరే మారిపోతుంది. మోటెల్లో, గ్యాస్ స్టేషన్లో రాత్రి షిఫ్టు చేసే నాన్న నంబరు ఇస్తే పగలు ఆయన నిద్రలో ఉంటాడు. వాయిస్ మెయిల్ నిండిపోయి ఉంటుంది. అలా మూడు రోజులు పోతే ఏమవుతుందని అనుకోవద్దు. పసిబిడ్డ మెదడుకు మూడు రోజులంటే చాలా ఎక్కువ.

ఒక ఉదాహరణ చెబుతాం. పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయని బిడ్డలు రెండు వేల నుంచి నాలుగు వేల మందిలో ఒకరు ఉంటారు. తల్లి నుంచి వచ్చిన హార్మోను కొన్నాళ్లు కాపాడుతుంది కాబట్టి పుట్టినప్పుడు వాళ్లలో చాలామంది చక్కగానే కనిపిస్తారు. పైకి లక్షణాలు తెలిసేసరికి మెదడుకు నష్టం జరిగిపోతుంది. మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే దాదాపు అందరూ మిగతా పిల్లల్లాగే చదువుకుంటారు. ఆలస్యం అమృతం విషం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఫోను వచ్చిందంటే జబ్బు ఖాయమని కాదు సుమా. మళ్లీ పరీక్ష చేయాలని మాత్రమే. భయపడి దాక్కోకండి, ఆ రోజే వెళ్లండి.

జబ్బు ఉందని తేలితే ఆ తర్వాత నర్సు పని మీరే చేయాలి. థైరాయిడ్ మాత్రను పొడి చేసి, రెండు మూడు చెంచాల తల్లిపాలలోనో నీళ్లలోనో కలిపి, రోజూ ఒకే వేళకు పట్టాలి. సీసా నిండా పాలలో కలిపితే బిడ్డ సగం వదిలేస్తుంది, మందూ సగమే లోపలికి పోతుంది. సోయా పాలు, ఐరన్, కాల్షియం చుక్కలు మందుతో కలిపి ఇవ్వకూడదు. మొదటి నెలల్లో రక్తపరీక్షలు తరచుగా ఉంటాయి, ఒక్కటీ మానకూడదు. "బిడ్డ బాగానే ఉందిగా" అని మందు ఆపకూడదు. బాగుండడం ఆ మందు వల్లే. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో బిడ్డను అమ్మమ్మ తాతయ్యల దగ్గరకు ఇండియా పంపడం మనలో ఉన్నదే. పంపితే పరీక్షల కాగితాలు కూడా పంపండి. మాత్ర ఎన్ని మైక్రోగ్రాములో పెద్దగా రాసి గోడకు అంటించమనండి. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష జరగదు కాబట్టి, మీరు చెప్పకపోతే అక్కడి డాక్టరుకు తట్టకపోవచ్చు.

నర్సు చేసే రెండో పరీక్ష గుండెకు. కుడి చేతికీ ఒక కాలికీ చిన్న పట్టీ చుట్టి రక్తంలో ఆక్సిజన్ చూస్తుంది. నొప్పి ఉండదు. 2011లో ఈ పరీక్షను కేంద్ర ప్రభుత్వ సిఫార్సు జాబితాలో చేర్చారు. తప్పనిసరి చేసిన రాష్ట్రాల్లో తీవ్రమైన గుండె లోపాల వల్ల జరిగే శిశు మరణాలు మూడో వంతు తగ్గాయని 2017లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అయినా ఈ పరీక్షకు అన్ని గుండె లోపాలూ దొరకవు. అందుకే ఇంట్లో మీ కన్ను ఉండాలి. పాలు తాగుతూ నుదుట చెమట పట్టడం, రెండు గుక్కలకే అలసిపోవడం, వేగంగా ఊపిరి తీయడం, బరువు పెరగకపోవడం ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. పెదాలు, నాలుక నీలంగా మారితే 911కు ఫోను చేయండి.

మూడోది వినికిడి పరీక్ష. ఇక్కడివాళ్లు దీనికి 1-3-6 లెక్క చెబుతారు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలు. మూడేళ్లలోపు పిల్లల ఎదుగుదల సాయానికి 1986లో చేసిన చట్టం కింద ప్రతి రాష్ట్రంలో ఎర్లీ ఇంటర్వెన్షన్ ఉంది. బిడ్డను చూసి అవసరం తేల్చడానికి డబ్బు తీసుకోరు.

కామెర్ల సంగతి. పసిబిడ్డను ఎండలో పెట్టాలని నానమ్మలు అంటారు. వాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు, ఎండ తగిలిన చోట బిడ్డ ఒంటి పసుపు తగ్గిందని గమనించి డాక్టర్లకు చూపించింది. ఇవాళ్టి నీలం దీపాల చికిత్స అలా పుట్టింది. కానీ ఎండకు లెక్క లేదు, లేత చర్మం కమిలిపోతుంది. కామెర్లు మూడు నుంచి ఐదు రోజుల మధ్య బాగా పెరుగుతాయి కాబట్టి ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన మొదటి అపాయింట్‌మెంటు తప్పకండి. ఇంకో మాట. కలరా ఉండలు వేసి దాచిన బట్టలు బిడ్డకు తొడగవద్దు. జి6పిడి లోపం ఉన్న బిడ్డకు ఆ వాసనతోనే రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి.

ఇక పెద్దలకు మనవి. గలగలా మాట్లాడేవాణ్ని చూసి "వస పోశారా" అంటాం. అదే వసకొమ్మును ఆహార పదార్థాల్లో వాడకూడదని అమెరికాలో ఎఫ్.డి.ఎ. 1968లోనే నిషేధించింది. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించవద్దు. తేనెలో ఉండే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు పసిపేగులో విషం తయారుచేస్తాయి. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, అది మెదడుకు చేటు. దిష్టి చుక్క అరికాలికే కదా అంటారేమో, బిడ్డ కాలు నోట్లో పెట్టుకునే వయసు ఎంతో దూరంలో లేదు. ఇప్పటికే ఇచ్చి ఉంటే నర్సు దగ్గర దాచకండి. ఆమె అడిగేది తిట్టడానికి కాదు, బిడ్డ ఒంట్లోకి ఏం పోయిందో తెలుసుకోవడానికి.

జ్వరానికి ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు వస్తే అర్ధరాత్రి అయినా డాక్టరుకు ఫోను చేయాలి, ఆలస్యం లేకుండా ఆస్పత్రికి వెళ్లాలి. డాక్టరు చెప్పకుండా మందు వేసి తెల్లవారేదాకా చూడకూడదు.

అన్నిటికంటే పెద్ద జబ్బు మనలో ఇంకొకటి ఉంది. "నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు" అన్నది. గుండెలో రంధ్రం ఉందనో, చెవి వినపడదనో బిడ్డను దాచిపెడతారు. ఆడపిల్ల అయితే పెళ్లి దాకా ఆలోచిస్తారు. తల్లి తప్పు అని గొణిగే అత్తగార్లూ ఉన్నారు. ఆ గొణుగుడులో బాలింత సగం కుంగిపోతుంది, బిడ్డకు చికిత్స వెనకబడుతుంది. పుట్టుకతో వచ్చిన దానికి నేరస్తులు ఎవరూ ఉండరు.

కాబట్టి ఆస్పత్రి గడప దాటేముందు నాలుగు పనులు చేయండి. ఇద్దరి ఫోను నంబర్లూ, దగ్గరి స్నేహితుడి నంబరూ రాయించండి. మడమ పరీక్ష ఫలితం ఎప్పుడు, ఎవరిని అడగాలో కనుక్కోండి. ఇంగ్లీషు తడబడితే తెలుగు దుబాసీని ఫోను మీదైనా ఇమ్మని అడగండి, ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రి డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. ఉద్యోగం ద్వారా వచ్చే ఇన్సూరెన్సులో 30 రోజుల లోపు బిడ్డ పేరు చేర్పించండి.

ఇంటికొచ్చాక తెలియని నంబరు మోగితే, ఈ కొన్ని వారాలూ ఎత్తండి. అమ్మేవాడైతే పెట్టేయవచ్చు. డాక్టరుగారి ఆఫీసు అయితే, ఆ ఒక్క ఫోను మీ బిడ్డ జీవితమంతటికీ సరిపోతుంది.