టీ నీటి రంగు, తేదీ సాక్ష్యం

 

గత నెలలో తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి పాఠశాల ప్రదర్శన నిమిత్తం నిజాం కాలపు ఉత్తరం ఒకటి కావలసి వచ్చింది. కొత్త కాగితాన్ని పాతదానివలె చేసే ఉపాయం వాడే తెలుసుకుని వచ్చాడు. రెండు కప్పుల నీటిలో నాలుగు చెంచాల టీపొడి మరిగించి, వడగట్టి, చల్లార్చాడు. తెల్ల కాగితాన్ని ఉండగా నలిపి, మెల్లగా విప్పి, వెడల్పాటి పళ్లెంలో పరచి ఆ నీరు పోశాడు. ఐదు నిమిషాలు నానిన పిమ్మట తీసి నీడలో ఆరబెట్టాడు. పైన పలుచని బట్ట కప్పి గోరువెచ్చగా ఇస్త్రీ చేశాడు. అంచులను కొవ్వొత్తితో కాల్చబోతే వాళ్ల అమ్మీ వారించి, చేతితో చించుకోమన్నది. సాయంత్రానికి ఆ కాగితం నూరేళ్లు పెట్టెలో మగ్గినట్లు తయారైంది. మేమందరం ముచ్చటపడ్డాము.

అదే సమయానికి, మా వీధి పిల్లలందరూ చాచా అని పిలిచే పెద్దాయన వచ్చారు. పాశమైలారంలోని కర్మాగారంలో పాతికేళ్లు పనిచేసి విరమించినవారు. మసీదులో ముందు వరుస తప్పనివారు. ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. “బేటా, నాకూ ఇలాంటిది ఒకటి చేసిస్తావా? నా బైనామాను చెదలు తినేశాయి” అన్నారు. అందరమూ నవ్వాము. ఆయన నవ్వలేదు.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు పాఠకులకు బైనామా అంటే వివరించనక్కరలేదు. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆపైన పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు, అటు తరువాత కందిలో ఐఐటీ వచ్చాయి. ఎకరాలు, గుంటలు పోయి గజాల లెక్క వచ్చింది. అంతకు మునుపు చేతులు మారిన పొలాలలో అనేకం రిజిస్ట్రేషన్ లేకుండా, సాదా కాగితం మీద, ఇద్దరు సాక్షుల వేలిముద్రలతోనే మారాయి. నాటి నమ్మకం అటువంటిది. 2014 జూన్ 2కు ముందు ఇలా కొన్న సాగుభూములను క్రమబద్ధం చేసేందుకు తెలంగాణ ప్రభుత్వం 2020లో దరఖాస్తులు స్వీకరించింది. 2025 నాటి భూభారతి చట్టం వాటి పరిష్కారానికి దారి చూపింది. ఆ విధంగా కాగితం మీది తేదీకి వెల ఏర్పడింది. వెల ఉన్న చోట శోధన కూడా ఉంటుంది.

చాచా సదాశివపేట వైపు స్వగ్రామంలో కొద్దిపాటి పొలం కొన్నారు. అమ్మినవారు మరణించారు. సాక్షులలో ఒకరే మిగిలారు. దరఖాస్తు పెట్టుకున్నారు గాని, విచారణకు పిలిస్తే అసలు కాగితం చూపలేని స్థితి. “నాది కానిది అడగడం లేదు కదా! సొమ్ము ఇచ్చాను, ఇరవై ఏళ్లుగా సాగు చేయిస్తున్నాను. పోయిన కాగితాన్నే మళ్లీ రాసుకుంటే ఎవరి హక్కు పోతుంది?” అని మమ్మల్ని అడిగారు. ఆ ప్రశ్నకు మేము వెంటనే సమాధానం చెప్పలేకపోయాము. దొంగ అడిగిన ప్రశ్న కాదది. హక్కుదారుడే అడిగాడు.

లౌకికంగా చూస్తే, అది నిలిచే పని కాదు. కలప గుజ్జుతో చేసిన కాగితంలోని లిగ్నిన్ అనే పదార్థం గాలి, వెలుతురు సోకి ఏళ్ల తరబడి మెల్లగా పసుపుబారుతుంది. ఆ రంగు సాధారణంగా అంచుల నుంచి లోపలికి సాగుతుంది. టీలోని టానిన్లు అలా కాక, నలిగిన గీతలలో చేరి మరకలుగా నిలుస్తాయి. తడిసి ఆరిన కాగితం మీద రాస్తే సిరా పాకుతుంది. నేటి తెల్ల కాగితంలో కలిపే మెరుపు రసాయనం అతినీలలోహిత దీపం కింద నీలంగా వెలుగుతుంది. స్టాంపు కాగితమైతే వరుస సంఖ్య, అమ్మిన తేదీ వెండరు రిజిస్టరులో ఉంటాయి. 1983లో జర్మనీలో హిట్లర్ దినచర్యలంటూ కొన్ని పుస్తకాలు వెలువడి సంచలనం రేపాయి. వాటిని సృష్టించినవాడు పుటల మీద టీ పోసి పాతబరిచాడు. కాగితంలోని తెల్లదనపు రసాయనం రెండో ప్రపంచ యుద్ధం తరువాతి కాలానిదని ప్రయోగశాల తేల్చింది.

మన పూర్వీకులకు దీపాలు, ప్రయోగశాలలు లేవు. అయినా వారు మోసపోలేదు. హిజ్రీ 5వ శతాబ్దంలో బాగ్దాదులో కొందరు వజీరు ముందు ఒక పత్రం పెట్టారు. ఖైబర్ వాసులకు జిజ్యా మినహాయిస్తూ దైవప్రవక్త (స) రాయించినదని, సహాబాలు సాక్షులని అందులో ఉన్నది. వజీరు దానిని హదీసు పండితుడు ఖతీబ్ బగ్దాదీకి చూపించాడు. ఆయన పట్టుకున్నది కాగితం రంగును కాదు, తేదీలను. ఖైబర్ విజయం హిజ్రీ 7లో జరిగింది. సాక్షిగా పేర్కొన్న ముఆవియా (రజి) ఇస్లాం స్వీకరించినది మక్కా విజయ సంవత్సరమైన 8లో. మరొక సాక్షి సఅద్ బిన్ ముఆజ్ (రజి) ఖందక్ యుద్ధంలో తగిలిన గాయంతో 5లోనే మరణించారు. పత్రం అబద్ధమని తేలిపోయింది.

పట్టుబడతామన్న భయం ఒక్కటే విశ్వాసికి చాలదు. దివ్యఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు, అల్ బఖర సూరాలోని 282వది, అప్పులను గడువుతో సహా రాసుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులు పిలిచినప్పుడు నిరాకరించరాదని బోధిస్తున్నది. అల్లాహ్ ఇంత వివరంగా ఆజ్ఞాపించిన రాతను మనం టీ నీటిలో ముంచగలమా?

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తెలిపిన ఉదంతం ఒకటి చాచా ప్రశ్నకు సూటిగా సమాధానమిస్తుంది. ఇద్దరు వ్యక్తులు పాతబడి, ఆనవాళ్లు చెరిగిపోయిన వారసత్వం గురించి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. ఇద్దరి వద్దా రుజువు లేదు. తాను విన్నదానిని బట్టి తీర్పు చెబుతానని, ఒకరి మాటనేర్పు వల్ల సోదరుని హక్కు మరొకరికి దక్కితే అది నిప్పు ముక్కేనని ఆయన హెచ్చరించారు. ఇద్దరూ విలపించారు. నా హక్కు నీకే అని ఒకరితో ఒకరు అన్నారు. అప్పుడాయన న్యాయంగా పంచుకోమని, చీట్లు వేసుకోమని, ఒకరినొకరు మన్నించుకోమని ఉపదేశించారు. రుజువు చెరిగిపోయిన చోట కొత్త రుజువు సృష్టించుకోమని ఆయన చెప్పలేదు.

మేము చాచాను ఒకే మాట అడిగాము: “భాయ్ సాబ్, పొలం మీదే. కాని ఆ కాగితం మీద చనిపోయిన మనిషి వేలిముద్ర ఎవరు వేస్తారు?” ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, కాగితాన్ని అబ్బాయి చేతికి తిరిగి ఇచ్చేశారు. హక్కు నిజమైనదే కావచ్చు. సాక్ష్యం అబద్ధమైతే అది అబద్ధపు సాక్ష్యమే. దొంగ కాగితం బయటపడిన రోజున ఇరవై ఏళ్ల నిజమైన సాగు కూడా అనుమానాల పాలవుతుంది. విలువైన దస్తావేజును ఫోర్జరీ చేసినవారికి చట్టం యావజ్జీవ శిక్ష వరకు విధించగలదు.

మరి దారి ఏమిటి? నిజాన్ని నేటి తేదీతోనే చెప్పడం. అసలు కాగితం పోయిందని దాచకుండా రాయాలి. బ్రతికి ఉన్న సాక్షి వాంగ్మూలం, అమ్మినవారి వారసులు ఒప్పుకుంటే వారి అఫిడవిట్ తీసుకోవాలి. పాత పహాణీలలో అనుభవదారు గడిలో పేరున్నదేమో చూసి, తహసీల్దారు కార్యాలయం నుంచి ధ్రువీకృత నకళ్లు పొందాలి. రశీదులు, ఇరుగుపొరుగు రైతుల మాట జతచేయాలి. దస్తావేజు రిజిస్టరై ఉన్నవారికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు దొరుకుతుంది. చాచా ఈ దారిలోనే నడుస్తున్నారు. ఫలితం ఇంకా తేలలేదు. సాక్షిగా ఉన్న వృద్ధుడు మాత్రం కర్ర ఊతంగా వచ్చి, అడగగానే వాంగ్మూలం ఇచ్చాడు.

పిల్లల ముచ్చటను మేము కాదనము. నాటకానికి, ప్రదర్శనకు కాగితాన్ని పాతబరచడం హస్తకళే. అయితే ఆ రోజు రాత్రి మా అబ్బాయి చేత ఉత్తరం అడుగున నేటి తేదీ వేయించి, ‘పాఠశాల ప్రదర్శన కొరకు’ అని రాయించాము. ప్రభుత్వ ముద్రలు గీయవద్దని చెప్పాము. మీ ఇళ్లలో కూడా ఇలాగే చేయించండి. మీ అసలు కాగితాలను ఈ వారమే పెట్టెలోంచి తీసి, నకళ్లు తీయించి, చెదలు చేరని చోట భద్రపరచండి.

అల్లాహ్ మన రాతలను, మన సాక్ష్యాలను సత్యం మీద నిలుపుగాక! ఆమీన్.