ఒకే చాప మీద రెండు తరాలు
దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ క్రైస్తవ సంఘాల్లో పెద్దలకు, యువతకు వేర్వేరు ఆరాధనలు పెట్టడం తేలిక, కానీ అది విడదీయడమే. విజయవాడ రహదారి వెంట నల్లగొండ నుంచి, కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబాలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్నీ వెంట తెచ్చుకున్నాయి. హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కు వెళ్లే పిల్లలకు పాట సెల్‌ఫోన్‌లోనే పరిచయం. ఆ పుస్తకంలోని పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు రాగతాళాల్లో కట్టినవి. ముందు వరసలోని పెద్దావిడ పుస్తకం తెరవకుండానే చరణం అందుకుంటుంది. వెనక కీబోర్డు దగ్గర కుర్రాడి వేళ్లు పల్లవి దాటాక తడబడతాయి. శనివారం సాయంత్రం ఆ ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెడితే రాగం ఆమె చెబుతుంది, శ్రుతి అతడు పట్టుకుంటాడు. విశ్వాసమూ ఇలాగే పెద్దల నుంచి అందుతుంది: తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదేనని పౌలు పేర్లతో సహా రాశాడు. హాస్టల్ పిల్లల అవ్వలు ఊళ్లోనే ఉండిపోయారు, కాబట్టి ఆ చోటు సంఘంలోని పెద్దలదే. ఆరాధన ముగిశాక మెట్ల దగ్గర ఆ పిల్లలను ఏ ఊరని అడిగి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పిలవడానికి సంఘ కమిటీ తీర్మానం అక్కర్లేదు. తీర్మానం కావలసింది మరోచోట ఉంది. ఆరాధనకు కుర్చీలు సర్దే యువతకు కమిటీలోనూ ఒక కుర్చీ, ఓటుతో సహా, ఇవ్వాలి.