చలనచిత్ర వారసత్వం – చెదరిన సాక్ష్యాలు

సాహిత్య చరిత్రకు తాళపత్రం ఎటువంటిదో, చలనచిత్ర చరిత్రకు ఫిల్ము రీలు అటువంటిది. పండితులు ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించేటప్పుడు వేర్వేరు చోట్ల దొరికిన ప్రతులను సరిపోల్చి పాఠనిర్ణయం చేస్తారు. తెలుగు సినిమా చరిత్రకు నేడు అటువంటి కృషి అవసరం.

హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీ అనగానే చిత్రనిర్మాణ సంస్థల కార్యాలయాలు స్ఫురిస్తాయి. సమీపంలోనే, అమీర్‌పేటలో, సారథి స్టూడియో ఉంది. అయితే తెలుగు చిత్రపరిశ్రమ దశాబ్దాలపాటు మద్రాసులో వర్ధిల్లి, క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చింది. అందువల్ల దాని ఆనవాళ్లు ఒకచోట లేవు. ఫిల్ము ప్రతులు కొన్ని 1964లో పుణెలో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవులోనూ, పాటల పుస్తకాలు, గోడపత్రికలు సేకర్తల ఇళ్లలోనూ, పాత పత్రికలు గ్రంథాలయాలలోనూ ఉన్నాయి.

ఈ చెదరుబాటు వలన కలిగే నష్టానికి 'భక్త ప్రహ్లాద' ఉదాహరణ. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వం వహించిన ఈ తొలి తెలుగు టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని చిరకాలం నమ్మారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలను, సెన్సారు వివరాలను పరిశోధించి, ఆ చిత్రానికి 1932 జనవరి 22న సెన్సారు అనుమతి లభించినదనీ, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనదనీ నిరూపించారు. సాక్ష్యాలు నశించలేదు, ఒకదానితో ఒకటి కలవలేదు. అందుకే పొరపాటు అంతకాలం నిలిచింది.

పాత చిత్రాలను కంప్యూటరులోకి ఎక్కిస్తే చాలునని కొందరి అభిప్రాయం. అది సగం పని మాత్రమే. 'మాయాబజార్' పేరుతో 1936, 1957, 2006 సంవత్సరాలలో చిత్రాలు వచ్చాయి. మొదటిదానికి 'శశిరేఖా పరిణయం' అనే మరో పేరుంది. ఆ పేరుతో 2009లో ఇంకొక చిత్రం వచ్చింది. పేరు ఒక్కటే ఆధారమైతే గందరగోళం తప్పదు. ప్రతి చిత్రానికీ ఒక గుర్తింపు సంఖ్యనిచ్చి, అన్ని సంస్థల జాబితాలనూ దానితో అనుసంధానించాలి. అప్పుడు ఏ ప్రతి ఎక్కడ ఉన్నదో విద్యార్థి సైతం తెలుసుకోగలడు.

ఇందువలన తమ హక్కులకు భంగం కలుగుతుందని యజమానులు శంకించనవసరం లేదు. వస్తువు వారి వద్దనే ఉండవచ్చు. వివరం మాత్రం అందరికీ అందాలి. కంప్యూటరులో నకలు ఉన్నదని మూలప్రతిని పారవేయడమూ తగదు.

1921 నాటి మూకీ చిత్రం 'భీష్మప్రతిజ్ఞ' నేడు చూడడానికి లభించదు. పోయినదానిని తిరిగి తేలేము. ఉన్నదానిని గుర్తించి, ఒక దారాన కూర్చడం ఈ తరం కర్తవ్యం. ఇంటి అటకమీది పాత పాటల పుస్తకమైనా చిత్తుకాగితం కాదని యువతరం గ్రహించిననాడు ఆ పనికి శ్రీకారం చుట్టినట్లే.