పట్టేసిన బుష్



హిందుస్తాన్ మోటార్స్ వారి అంబాసిడర్ కారును మనలో ఎరుగనివారు లేరు. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో దాని తయారీ 2014లో ఆగిపోయినది. అయినను మన పల్నాటిలో అక్కడక్కడ పాత బండ్లను జాగ్రత్తగా నడుపుకొనువారున్నారు. అట్టి బండి గతుకులలో వెనుకనుండి టకటక కొట్టుకొనుచున్నదంటే, కమాను కట్టల బుష్‌లను తప్పక చూడవలెను.

కమాను కట్ట చివర చుట్టిన కంటిలో బుష్ కూర్చుంటుంది. బండ్లలో వాడే రబ్బరు బుష్‌లు కొన్నిటికి లోపల, వెలుపల ఇనుప గొట్టాలు, మధ్య రబ్బరు ఉంటాయి. నీరు, బురద చేరి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక కన్ను, బుష్, బోల్టు ఒకే ముక్కవలె పట్టేస్తాయి.

అప్పుడు చేయి సుత్తి మీదికి పోతుంది. బాదితే బోల్టు చివర చితికి ఇంకా బిగుస్తుంది. గ్యాసు మంటతో కాలిస్తే కమాను ఉక్కుకు పదును పోయి, తరువాత దారిలో విరుగవచ్చును. పైగా పెట్రోలు ట్యాంకు ఆ వెనుకనే ఉన్నది!

మొదట బరువు దింపవలెను. ముందు చక్రాలకు అడ్డుపెట్టి, బండిని గట్టి స్టాండ్ల మీద నిలిపి, ఇరుసుకు వేరుగా జాకీ ఆనించవలెను. జాకీ ఒక్కదానిని నమ్మి బండి కిందికి దూరరాదు. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచి, ఉదయము మరల పోయవలెను. బోల్టు వచ్చిన తరువాత కంటికి ఒక ప్రక్క బుష్ పట్టేంత గొట్టపు ముక్క, రెండవ ప్రక్క బుష్ అంత వాషరు పెట్టి, మధ్యగా పొడవైన మర బోల్టు దూర్చి నట్టు తిప్పితే బుష్ కొద్దికొద్దిగా కదులుతుంది. అప్పటికీ రానియెడల రబ్బరును తొలిచివేసి, వెలుపలి గొట్టమును లోపలినుండి రంపపు బ్లేడుతో నిలువుగా కోయవలెను. కంటికి మాత్రము గాటు పడరాదు.

కొత్తదానికి సబ్బునీళ్లు చాలును. ఇంజను నూనె తగిలితే రబ్బరు చెడును. చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడిన తరువాతే. పైకెత్తి ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా తెగిపోవును.

బలముకంటె జ్ఞానమే పనిని సాధించునను మాట ప్రసంగి 10:10లో మనకున్నది. గట్టు తగాదాతో ఏండ్ల తరబడి పలుకరించుకొనని అన్నదమ్ములు మన సంఘములలోను ఉన్నారు. వారిని అందరి యెదుట వాక్యముతో బాదితే ఇంకా బిగుసుకొందురు. మేము అట్టి ఇంటికి వెళ్లినప్పుడు గట్టు మాట ఎత్తక, ముందు ఒక్కొక్కరి బాధ విందుము. రెండవసారి, మూడవసారి వెళ్లుదుము. తప్పును కోయవలెను గాని మనిషికి గాటు పడరాదు. ప్రభువు బల్లయొద్ద చేతులు కలిపిన నాటితో పని ముగియదు. కాలువ నీటి వంతు వచ్చిన నాడు, బరువు మీద పడినప్పుడు నిలిచినదే సమాధానము.

మీ ఇంట పట్టేసిన బంధమేదైన ఉన్నదా? మొదటి నూనె చుక్క మీరే పోయుడి.